పాదశృంగారం

పాదశృంగారం అనగా దాంపత్యంలో గాని, పరస్పర అంగీకారం గల వయోజనుల ప్రణయ సంబంధంలో గాని పాదాలను స్పర్శకు, లాలనకు, కామోద్దీపనకు సాధనంగా వినియోగించుకొనే పద్ధతుల సమాహారం. భాగస్వామి పాదాలను కడగడం, ఒత్తడం, ముద్దాడడం, పాదంతో పాదాన్ని తాకడం, పాదాలతో శరీరాన్ని మర్దించడం, పాదాలతో జననేంద్రియాలను స్పృశించి ఉద్దీపింపజేయడం ఇందులోనివి. దీని ప్రస్తావన ప్రాచీన భారతీయ కామశాస్త్ర గ్రంథాలలోను, సంస్కృతాంధ్ర కావ్యాలలోను కనిపిస్తుంది. ఆధునిక వైద్యశాస్త్రం దీనిని రోగంగా గాని, వికారంగా గాని పరిగణించదు.

పాదం - తెలుగువారి ఆచారాలు

తెలుగు సమాజంలో పాదానికి రెండు పరస్పర విరుద్ధమైన స్థానాలున్నాయి. పెద్దల పాదాలకు నమస్కరించడం, అల్లుని కాళ్ళు కడిగి కన్యాదానం చేయడం పాదానికి ఇచ్చే గౌరవాన్ని చూపుతాయి. ఎవరికైనా పొరపాటున కాలు తగిలితే వెంటనే వారిని తాకి కళ్ళకద్దుకోవడం, కాలితో తన్నడాన్ని ఘోరమైన అవమానంగా భావించడం దీనికి మరొక పార్శ్వం. పడకగదిలో భాగస్వామికి కాలు తగిలించడం తప్పేమో అని చాలామందికి కలిగే సంకోచానికి ఈ సంస్కారమే మూలం.

వివాహ క్రతువులో వరుడు వధువు పాదాన్ని చేతితో పట్టి సన్నికల్లు మీద ఉంచి, వేళ్ళకు మెట్టెలు తొడుగుతాడు. శాస్త్ర పరిభాషలో దీనిని అశ్మారోహణం అంటారు. ఈ రాయివలె స్థిరంగా ఉండుమని దీని భావం. పెద్దలు కుదిర్చిన అనేక వివాహాలలో వరుడు వధువును తొలిసారి చేతితో తాకే సందర్భాలలో ఇది ఒకటి. పెళ్ళికూతురు పాదాలకు పారాణి పెట్టడం, పట్టీలు, అందెలు తొడగడం అలంకారంలో ముఖ్య భాగాలు. "కాలు తొక్కిన నాడే కాపురం చేసే కళ తెలుస్తుంది" అన్న సామెత పెళ్ళి పీటల మీద పాదం తాకుడుకు, రాబోయే కాపురానికి గల సంబంధాన్ని సూచిస్తుంది.

ఇళ్ళలో "కాళ్ళు పట్టడం" అనే మాట సాధారణంగా భార్య భర్తకు, కోడలు అత్తకు చేసే సేవను తెలుపుతుంది. ఈ సేవ ఏకపక్షమైనది. కామశాస్త్రంలోను, కావ్యాలలోను కనిపించే పాదలాలన ఇందుకు భిన్నమైనది. అక్కడ పురుషుడే తరచు స్త్రీ పాదాలను పట్టుకుంటాడు.

కామశాస్త్ర గ్రంథాలలో

వాత్స్యాయనుని కామసూత్రాలు పేర్కొన్న అరువదినాలుగు కళలలో ఉత్సాదనం, సంవాహనం, కేశమర్దనం అనే మూడింటిలో నేర్పు ఒకటిగా చెప్పబడింది. ఈ గ్రంథానికి జయమంగళ అనే వ్యాఖ్య రచించిన యశోధరుడు మర్దనం రెండు విధాలని, చేతులతో చేసేది ఒకటి కాగా పాదాలతో చేసేది ఉత్సాదనమని వివరించాడు. అనగా పాదాలతో భాగస్వామి శరీరాన్ని మర్దించడం ఒక కళగా గుర్తింపు పొందినది.

సాంప్రయోగికాధికరణంలో ఆలింగన భేదాలను చెప్పేటప్పుడు వృక్షాధిరూఢకం అనే ఆలింగనం వర్ణించబడింది. ఇందులో స్త్రీ ఒక పాదంతో ప్రియుని పాదాన్ని తొక్కి, రెండవ పాదాన్ని అతని తొడపై ఉంచి, చెట్టు ఎక్కుతున్నట్లుగా పైకి లేస్తుంది. కన్యాసంప్రయుక్తకాధికరణంలో అనురాగం తెలుసుకొనే క్రమం ఉన్నది. నాయకుడు ముందుగా తన పాదంతో ఆమె పాదాన్ని తాకాలి. ఆమె అందుకు అనుకూలంగా ఉంటే ఒక్కొక్క కాలివేలినీ మెల్లగా తాకి, గోళ్ళ కొనలను నొక్కాలి. ఆ తరువాతనే చేతితో పాదాన్ని పట్టాలి. ప్రతి అడుగులోను ఆమె స్పందన చూసిన తరువాతనే మరొక అడుగు వేయవలెనన్నది ఇందులోని సారాంశం.

అదే అధికరణంలో నూతన వధువు విశ్వాసం పొందే విధానాన్ని చెబుతూ వాత్స్యాయనుడు స్త్రీలు పూవులవంటి వారని, విశ్వాసం కలుగక ముందే బలాత్కరిస్తే వారు సంభోగాన్నే ద్వేషిస్తారని హెచ్చరించాడు. వధువు తాంబూలం స్వీకరించకపోతే ఆమె పాదాలపై వ్రాలి వేడుకొనవలెనని కూడా చెప్పాడు.

కొక్కోకుని రతిరహస్యంలో చంద్రకళాధికారం అనే భాగం ఉన్నది. తిథులను బట్టి స్త్రీ శరీరంలో కామస్థానం మారుతూ ఉంటుందని, అది కాలి బొటనవేలి నుండి పాదం, చీలమండ, మోకాలు మీదుగా పైకి సాగుతుందని ఇందులో వివరించబడింది. ఈ గ్రంథాన్ని కూచిరాజు ఎఱ్ఱన కొక్కోకము పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తిథుల లెక్కకు వైజ్ఞానికమైన ఆధారం లేదు. కాని జననేంద్రియాలే కాక శరీరమంతా సుఖస్థానమే అన్న గ్రహింపు ఇందులో గమనించదగినది.

కావ్యాలలో, నాటకాలలో

అలంకార శాస్త్రం ప్రకారం అలిగిన నాయిక మానాన్ని తీర్చే ఉపాయాలు ఆరు: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. వీటిలో నతి అనగా నాయిక పాదాలపై వ్రాలడం. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకం తృతీయాంకంలో బకుళావళిక మాళవిక పాదానికి లాక్షారసంతో అలంకారం చేస్తుంది. ఆ పాదం తాకిడితో అశోకవృక్షం పూస్తుందన్న కవిసమయం ఈ ఘట్టానికి ఆధారం. దీనిని దోహదం అంటారు.

పన్నెండవ శతాబ్దికి చెందిన జయదేవుని గీతగోవిందంలో కృష్ణుడు రాధ పాదాన్ని తన శిరస్సుపై ఉంచమని వేడుకొంటాడు. దేవుని తలపై స్త్రీ పాదం ఉంచడమా అని కవి వ్రాయడానికి వెనుకాడగా, కృష్ణుడే జయదేవుని రూపంలో వచ్చి ఆ పాదాన్ని పూరించి వెళ్ళాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

తెలుగులో ఈ విషయానికి ప్రసిద్ధమైన ఉదాహరణ నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణము. తిమ్మన శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509-1529) ఆస్థాన కవి. అలిగిన సత్యభామ, తన కాళ్ళపై వ్రాలిన కృష్ణుని శిరస్సును ఎడమకాలితో త్రోస్తుంది. కృష్ణుడు కోపించక, పులకించిన తన శరీరం తగిలి ఆమె కోమలపాదం నొచ్చుకున్నదేమో అని బాధపడతాడు. రాయల చిత్రపటం వైపు కాళ్ళు పెట్టి నిద్రించినందుకు ఆయన రాణి తిరుమలదేవిపై ఆగ్రహించగా, వారి మధ్య సంధి కుదర్చడానికే తిమ్మన ఈ కావ్యం వ్రాశాడని ఒక ఐతిహ్యం ఉన్నది. శ్రీకృష్ణ తులాభారం (1966) చిత్రంలో సత్యభామగా జమున, కృష్ణునిగా నందమూరి తారక రామారావు నటించిన ఈ ఘట్టం ప్రేక్షకులలో బహుళ ప్రచారం పొందింది.

పద్దెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము స్త్రీ దృష్టి నుండి ప్రణయాన్ని వర్ణించిన శృంగార కావ్యం. దీనిని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించగా, అశ్లీలమనే ఆరోపణపై బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో (1946-47) ఆ నిషేధం తొలగిపోయింది. పూర్వ కవులు సహజంగా చెప్పిన విషయాలు ఆధునిక కాలంలో నోరు విప్పరానివిగా మారిన తీరుకు ఈ చరిత్ర ఒక నిదర్శనం.

మన్యం ప్రాంతంలో

తూర్పు కనుమలలో సీలేరు నదిపై ఉన్న డొంకరాయి జలాశయ పరిసరాలు, వాటికి దిగువనున్న కొండలు కొండరెడ్డి మొదలైన గిరిజన తెగల నివాస ప్రాంతాలు. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ కొండరెడ్లపై వ్రాసిన గ్రంథం 1945లో వెలువడింది. పెద్దలు కుదిర్చే వివాహంతో పాటు యువతీయువకులు ఇష్టపడి కలిసి వెళ్ళిపోవడం, వరుడు అత్తవారింట పనిచేసి పెళ్ళాడడం వంటి వివాహ విధానాలు ఈ తెగలో ఉన్నాయి.

అరకులోయలో ప్రసిద్ధమైన ధింసా నృత్యంలో స్త్రీలు ఒకరి నడుము వెనుకగా మరొకరు చేతులు కలిపి వరుసగా నిలబడి, డప్పు, తుడుము, మోరి వాద్యాలకు అనుగుణంగా అడుగులు వేస్తారు. అందరి పాదాలు ఒకే లయలో కదలడం దీని ప్రత్యేకత. ఇది పండుగలకు, పెళ్ళిళ్ళకు సామూహికంగా చేసే నృత్యమే గాని శృంగార ప్రదర్శన కాదు. గిరిజనులకు కట్టుబాట్లు లేవన్న అభిప్రాయం మైదాన ప్రాంతాలలో ప్రచారంలో ఉన్నప్పటికీ అది వాస్తవం కాదు. వారి సమాజాలలో గోత్ర నియమాలు, కులపెద్దల కట్టుబాట్లు ఉన్నాయి.

శరీరధర్మం

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. అరికాలి చర్మంలో వెంట్రుకలు ఉండవు. స్పర్శను, ఒత్తిడిని, కంపనాన్ని గ్రహించే నాడీ గ్రాహకాలు ఇక్కడ సమృద్ధిగా ఉంటాయి. అందువల్లనే అరికాలికి చక్కిలిగింత ఎక్కువ. తేలికపాటి స్పర్శ చక్కిలిగింత కలిగిస్తే, నిదానమైన గట్టి ఒత్తిడి విశ్రాంతిని ఇస్తుంది.

కెనడాకు చెందిన నాడీ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ రూపొందించిన మెదడు పటంలో పాదానికి, జననేంద్రియాలకు చెందిన స్పర్శ కేంద్రాలు పక్కపక్కనే చూపబడ్డాయి. పాదాలపై కామాసక్తికి ఈ సామీప్యమే కారణం కావచ్చునని నాడీశాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ ప్రతిపాదించారు. అయితే 2005లోను, ఆ తరువాతను జరిగిన ఎం.ఆర్.ఐ. పరిశోధనలు జననేంద్రియాల స్థానం తొడ, గజ్జల స్థానాలకు దగ్గరగా ఉన్నదని చూపడంతో ఈ ప్రతిపాదన బలహీనపడింది.

పాదాసక్తి

కొందరికి పాదాలే ప్రధానమైన కామాకర్షణగా ఉంటాయి. దీనిని పాదాసక్తి అనవచ్చును. క్రాఫ్ట్-ఎబింగ్ 1886లో ప్రచురించిన గ్రంథం ఇటువంటి ఆసక్తులను మనోవికారాలుగా వర్గీకరించింది. ఈ అభిప్రాయం తరువాత మారింది. 2007లో ఇటలీలోని బొలోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఇటువంటి విశేషాసక్తులలో పాదాలకు, పాదరక్షలు మొదలైన వాటికి సంబంధించినవే అన్నిటికంటె ఎక్కువగా కనిపించాయి. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్య సంఘం వర్గీకరణ (డి.ఎస్.ఎం.-5) ప్రకారం ఆ ఆసక్తి వ్యక్తికి తీవ్రమైన మనోవ్యథను గాని, జీవితానికి ఆటంకాన్ని గాని కలిగించినప్పుడే అది రుగ్మత అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన ఐ.సి.డి.-11 జాబితా నుండి ఫెటిషిజం అనే రోగనామం తొలగించబడింది.

పద్ధతులు

* పాదప్రక్షాళన: గోరువెచ్చని నీటితో పాదాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడవడం. ఇది పరిశుభ్రతకు, సంకోచం తొలగడానికి కూడా ఉపకరిస్తుంది.
* పాదమర్దనం: నూనె రాసి మడమ నుండి వేళ్ళ వైపుగా బొటనవేళ్ళతో నెమ్మదిగా ఒత్తడం.
* పాదస్పర్శ: పాదంతో భాగస్వామి పాదాన్ని, పిక్కను, తొడను నిమరడం.
* ఉత్సాదనం: కూర్చొని లేదా పడుకొని అరికాళ్ళతో వీపును, తొడలను మర్దించడం. వీపుపై నిలబడడం వెన్నెముకకు ప్రమాదకరం.
* పాదాలతో జననేంద్రియాలను స్పృశించడం: పాదాలకు చేతులంత సున్నితమైన అదుపు ఉండదు. కనుక బరువు వేయకుండా, ఎదుటివారు చెప్పిన మేరకే ఒత్తిడి కలిగించాలి.

గర్భిణీ సమయంలోను, కీళ్ళనొప్పులు, వెన్నునొప్పి ఉన్నవారికి, సంభోగం కష్టమైన వృద్ధ దంపతులకు పాదలాలన సాన్నిహిత్యాన్ని నిలిపే మార్గం కాగలదు.

జాగ్రత్తలు

కాలివేళ్ళ మధ్య వచ్చే శిలీంధ్ర వ్యాధి గజ్జలకు వ్యాపించి తామర కలిగించగలదు. వర్షాకాలంలో తడి నేలపై చెప్పులు లేకుండా నడిచే మన్యం వాసులలోను, వరిపొలాల్లో పనిచేసేవారిలోను వేళ్ళ మధ్య చర్మం నాని పాచిపోతుంది. అటువంటప్పుడు చికిత్స పూర్తయ్యే వరకు జననేంద్రియాలకు పాదాలు తగలనీయరాదు. పగుళ్ళు, పుండ్లు ఉన్నప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. గోళ్ళు కత్తిరించుకోవాలి. కొబ్బరినూనె వంటివి రబ్బరు తొడుగులను (కండోమ్) బలహీనపరుస్తాయి. నూనె రాసిన పాదాలతో నడిస్తే జారిపడే ప్రమాదం ఉంది.

మధుమేహం ఉన్నవారిలో అరికాలి స్పర్శజ్ఞానం తగ్గిపోవచ్చును. వేడినీటి తాపం, గోటిగాటు వారికి తెలియకపోవచ్చు. చిన్న గాయం పుండుగా మారి కాలు తీసివేయవలసిన స్థితి రాగలదు. కనుక నీటి వేడిని భాగస్వామి తన మోచేతితో పరీక్షించడం మంచిది. ప్రేమతో పాదాలు చూసే అలవాటు ఉన్న దంపతులలో ఇటువంటి గాయాలు ముందుగానే కంటపడే అవకాశం ఉంది.

అంగీకారం

పాదశృంగారం ఇద్దరికీ ఇష్టమైనప్పుడే శృంగారం అవుతుంది. ఒకరికి ఆనందం కలిగించే స్పర్శ మరొకరికి అవమానంగా తోచవచ్చును. "నాకిది ఇష్టం, నీకెలా ఉంటుంది?" అని ముందుగా మాటలలో అడగడం, వద్దన్నప్పుడు ఆగిపోవడం, ఇష్టం లేదన్నందుకు నిష్ఠూరమాడకపోవడం అవసరం. గృహహింస నిరోధక చట్టం (2005) వివాహబంధంలోని లైంగిక హింసను కూడా హింసగానే నిర్వచించింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారితో లైంగిక ఉద్దేశంతో కూడిన ఏ స్పర్శ అయినా, అది పాదస్పర్శ అయినప్పటికీ, పోక్సో చట్టం (2012) ప్రకారం నేరం.

ఇవి కూడా చూడండి

* కామసూత్రాలు
* రతిరహస్యం
* పారిజాతాపహరణము
* రాధికాసాంత్వనము
* మెట్టెలు
* పారాణి
* ధింసా నృత్యం
* డొంకరాయి