కోడిమాంసానికి దానిమ్మ తొక్క కాపలా

కోడి పచ్చడి పెట్టేవాళ్లు ముక్కల్లో తడి ఇంకిపోయేదాకా నూనెలో వేయించి, ఉప్పూ కారం మసాలా కలిపి, చల్లారాక నిమ్మరసం పిండుతారు. పులుపు తగ్గితే పచ్చడి నిలవదని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. పండు రసంతో మాంసాన్ని కాపాడుకోవడం మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే అక్కడ నిమ్మరసానికి ఉప్పు, నూనె, తడి లేకపోవడం అన్నీ తోడుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చిమాంసానికి ఆ తోడు ఉండదు.

ఫ్రిజ్‌లో కోడిమాంసం రెండు విధాలుగా పాడవుతుంది. 4 డిగ్రీల చలిలో కూడా సూడోమొనాస్ జాతి బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. ముక్క జిగటగా తగిలి వాసన కొడుతోందంటే చాలావరకు దాని పనే. రెండోది కొవ్వు ముక్కిపోవడం. కోడిమాంసంలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ. అవి ఆక్సిజన్‌తో త్వరగా కలుస్తాయి. ఖీమా కొట్టినా, ఉడకబెట్టినా కణాల పొరలు చిట్లి, మాంసంలోని ఇనుము బయటపడి ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. నిన్నటి చికెన్ కూర మళ్లీ వేడిచేస్తే వచ్చే పాత వాసనకు మూలం ఇదే. టిమ్స్, వాట్స్ అనే పరిశోధకులు 1958లోనే దీని గురించి రాశారు.

మాంసం పరిశ్రమ దీనికి కనిపెట్టిన విరుగుడు బీహెచ్‌టీ, బీహెచ్‌ఏ వంటి కృత్రిమ రసాయనాలు. బీహెచ్‌టీకి 1947లో పేటెంట్ వచ్చింది, 1954లో అమెరికా ఆహారంలో వాడకానికి అనుమతించింది. చవక, చిటికెడు చాలు, రుచి మారదు. 1980లలో జపాన్ శాస్త్రవేత్త నొబుయుకి ఇటో బృందం బీహెచ్‌ఏను పెద్ద మోతాదులో పెడితే ఎలుకల ముందు కడుపులో కణితులు వస్తున్నాయని చూపించింది. మనిషికి ఆ ముందు కడుపే లేదు, తినే మోతాదూ చాలా తక్కువ. అయినా జనంలో అనుమానం నాటుకుంది. పరిశ్రమ చూపు మొక్కల వైపు, పండ్ల వైపు మళ్లింది.

తొలి అడుగుల్లో ఒకటి ఓ మాంసం కొట్టులో పడింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో సీడర్ అనే ఊరు. చుట్టూ పుల్ల చెర్రీ తోటలు. అక్కడి మాంసం వ్యాపారి రే ప్లేవా 1980ల చివర్లో ఖీమాలో చెర్రీలు కలిపి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి, చెర్రీ కలిసిన మాంసం నెమ్మదిగా ముక్కుతోందని తేల్చారు.

కోడిమాంసం దగ్గరకొచ్చేసరికి ఈ కథ మన హైదరాబాద్‌కు చేరుతుంది. నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రంలో బి.ఎం. నవీన, ఆయన సహచరులు ఉడికించిన చికెన్ ప్యాటీల్లో దానిమ్మ రసాన్ని, తొక్క పొడి సారాన్ని, బీహెచ్‌టీని పక్కపక్కన పెట్టి పోల్చారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 100 గ్రాముల మాంసానికి 10 మిల్లీగ్రాముల ఫినాలిక్ పదార్థాలు అందేటట్టు రసమో తొక్క సారమో కలిపితే చాలు, బీహెచ్‌టీ కన్నా ఎక్కువ కాలం కొవ్వు ముక్కకుండా నిలిచింది. 2011లో అదే కేంద్రంలోని ఎస్. వైద్యనాథన్ బృందం పచ్చిమాంసం మీద పడింది. గుడ్లు పెట్టడం ఉడిగిన లేయర్ కోళ్ల రొమ్ము మాంసాన్ని 0.02 శాతం దానిమ్మ ఫినాలిక్ ద్రావణంలో ముంచి, పాలిథీన్ సంచుల్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి, 28 రోజులదాకా గమనించింది. చవగ్గా అమ్ముడుపోయే ముదురు కోడిని ఎంచుకోవడంలోనే వాళ్ల ఆలోచన ఎంత నేలమీద ఉందో కనిపిస్తుంది.

దానిమ్మలో అసలు సత్తువ తొక్కది. అందులోని ప్యూనికలాజిన్ వంటి పదార్థాలు ఫ్రీ రాడికల్స్‌ను శాంతింపజేస్తాయి, ఇనుమును పట్టి కట్టేస్తాయి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో స్వీటీ కనట్ బృందం 2010లో తొక్కనూ గింజనూ విడివిడిగా పరీక్షిస్తే గింజ సారానికి చెప్పుకోదగ్గ శక్తి కనిపించలేదు. తొక్క సారం మాత్రం చల్లటి నిల్వలో ఉన్న చికెన్ పదార్థాల ఆయువును రెండు మూడు వారాలు పెంచింది. పండు బరువులో సగానికి దగ్గరగా ఉండే తొక్కను జ్యూస్ బండ్లూ ఫ్యాక్టరీలూ పారబోస్తున్నాయి. అనంతపురం వైపు దానిమ్మ తోటలున్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కోళ్ల ఫారాలకు కొదవలేదు. ఈ రెంటినీ కలిపే పని ప్రయోగశాల దాటి బజారుకు రావాలని నా గట్టి కోరిక.

కానీ సహజమన్న ప్రతి సీసానూ నమ్మలేం. ద్రాక్షపండు కాదుగానీ, పేరులో దాన్ని పోలిన గ్రేప్‌ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు ఉంది. దాని గింజల సారం క్రిములను అద్భుతంగా చంపుతుందని ప్రచారం జరిగింది. 1999లో జర్మన్ పరిశోధకులు బజారులోని ఆరు రకాలను పరీక్షించారు. క్రిములను చంపిన అయిదింటిలోనూ బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ రసాయనం బయటపడింది. అలాంటి రసాయనమేదీ కలవని ఆరోదానికి క్రిములను చంపే శక్తే లేదు.

దానిమ్మ తొక్కకూ హద్దులున్నాయి. ముంబయి పరీక్షల్లో 0.01 శాతం సారానికే స్టఫైలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సీరియస్ లొంగాయి. సూడోమొనాస్‌కు 0.1 శాతం కావలసి వచ్చింది. ఇ.కోలి, సాల్మొనెల్లా టైఫిమ్యూరియం మీద మాత్రం అది పనిచేయనే లేదు. కోడిమాంసంతో జబ్బు తెచ్చేవాటిలో సాల్మొనెల్లా ముఖ్యమైనది. అందుకే ఏ పండు సారం పూసినా, చలి తగ్గకుండా చూసుకోవడమూ బాగా ఉడికించడమూ తప్పవు.