విరిగిన దవడ పళ్ల డాక్టరు చేతికెలా వచ్చింది

కోటబొమ్మాళి దగ్గర హైవే మీద బండి జారి దవడ విరిగినవాణ్ని శ్రీకాకుళమో విశాఖపట్నమో తీసుకెళ్తే, తలకు ప్రమాదం లేదని తేలాక దంతవైద్యం చదివిన సర్జన్ దగ్గరికి పంపుతారు. ఎముక విరిగితే పళ్ల డాక్టరేమిటని ఇంటివాళ్లకు అనుమానం. ఆ అనుమానానికి జవాబు చాలా పాతది.

కాలికైతే పుత్తూరు కట్టు కడతారు. మింగినా మాట్లాడినా కదిలే దవడకు ఏం కడతాం? క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు పాపిరస్ ఒకటి, నోట్లో బొటనవేళ్లు పెట్టి జారిన దవడను ఎక్కించే పద్ధతి చెప్పింది; పుండుపడి విరిగిన దవడను మాత్రం చికిత్స లేనిదని వదిలేసింది. సుశ్రుతుడు జారిన కీలుకు కాపడం పెట్టి, సరిచేసి, పంచాంగి అనే కట్టు కట్టమన్నాడు. విరిగినచోట అటూ ఇటూ ఉన్న పళ్లను బంగారు తీగతోనో నారదారంతోనో కలిపి కట్టమన్నది గ్రీకు హిప్పోక్రటీసు సంప్రదాయం.

అసలు మలుపు 13వ శతాబ్దంలో వచ్చింది. కింది పళ్లను పై పళ్లకే కట్టేయమన్నాడు ఇటలీ వైద్యుడు సాలిచేతోకు చెందిన గుగ్లియెల్మో. పళ్లు ఎప్పటిలా కలిస్తే ఎముక దాని చోటికి వచ్చినట్టే. ఇంత తేలిక ఉపాయాన్ని లోకం ఆరు వందల ఏళ్లు మరిచిపోయింది! 1887లో అమెరికా దంతవైద్యుడు గిల్మర్ మళ్లీ పట్టుకొచ్చాడు. అంతకుముందే, 1865లో, లింకన్ మంత్రి సీవర్డ్ గుర్రబ్బండి మీంచి పడి దవడ విరగ్గొట్టుకుంటే, రబ్బరు అచ్చు బిగించినవాడూ దంతవైద్యుడే, గన్నింగ్.

తీగలు కట్టిన నాలుగైదు వారాలూ చోడి అంబలే గతి. వాంతి వస్తే ప్రాణం మీదికి రాకుండా, తీగ కత్తిరించే కటింగ్ ప్లేయరు మంచం పక్కనే ఉండాలి. 1970ల్లో ఫ్రాన్సులో మిషెలే, షాంపీ చిన్న ప్లేట్లు, స్క్రూలు తెచ్చాక ఆ చెర చాలామందికి తప్పింది. ఇప్పటి టైటానియం ప్లేట్లు ఎక్కువగా నోటి లోపలినుంచే వేస్తారు. ముఖం మీద మచ్చ ఉండదు. అయినా స్క్రూ బిగించేముందు పళ్లు కలిశాయో లేదో చూడాల్సిందే.

పిల్లల సంగతి వేరు. గడ్డానికి తగిలిన దెబ్బ చెవి ముందున్న కీలు దగ్గర ఎముకను విరవవచ్చు. గడ్డానికి కుట్లు వేయించి ఊరుకుంటే కీలు బిగుసుకుపోయి, కొన్నేళ్లకు నోరు తెరుచుకోకపోవచ్చు. అందుకే పసివాళ్లకు చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే, త్వరగా నోరు ఆడించే వ్యాయామం మొదలుపెట్టిస్తారు.