కడుపు నిలవకపోవడం: కారణాల చరిత్ర

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వరుసగా రెండు మూడు కడుపులు పోయిన కోడలిని ముందుగా అడిగేది ఏం తిన్నావు, ఏం బరువెత్తావు అనే. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంటారు. మొక్కు ఇంటికి ధైర్యమిస్తుంది కాబట్టి దాన్ని తప్పు పట్టనక్కరలేదు, మానవలసింది నింద. ఈ నింద పల్లెలదే కాదు. గత 90 ఏళ్ల వైద్య చరిత్రలోనూ రుజువుకు ముందే తీర్పు చెప్పినప్పుడల్లా నష్టపోయింది ఆడవాళ్లే.

మూడు గర్భాలు వరుసగా పోతే నాలుగోది పోయే అవకాశం 73 శాతమని 1938లో ఇంగ్లండు వైద్యుడు మాల్పాస్ లెక్కగట్టాడు. అది కాగితం మీది అంచనా. అసలు కుటుంబాల వివరాలు సేకరించిన వార్‌బర్టన్, ఫ్రేజర్ 1964లో ఆ ముప్పు 25-30 శాతమేనని చూపారు. అంటే చాలామందికి ఏ మందూ లేకున్నా తరువాతి గర్భం నిలుస్తుంది. అందుకే ఏ మందు ఇచ్చినా పనిచేసినట్టే కనిపించింది. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోను అలాగే వ్యాపించింది. దానివల్ల లాభం లేదని 1953లో షికాగో పరీక్ష తేల్చినా వాడకం ఆగలేదు. తల్లి కడుపులో ఉండగా ఆ మందు సోకిన ఆడపిల్లల్లో కొందరికి అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడింది.

రుజువుకు నిలిచిన కారణాలూ ఉన్నాయి. నెలలు నిండకముందే గర్భాశయ ముఖద్వారం తెరుచుకునేవారికి కుట్టు వేసే పద్ధతిని 1955లో బొంబాయి వైద్యుడు శిరోద్కర్ ప్రకటించారు. రక్తం గడ్డకట్టించి గర్భానికీ ముప్పు తెచ్చే యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాల జబ్బును 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ వివరించారు. ఆ ప్రతిరక్షకాల పరీక్ష ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు, 12 వారాల తరువాత మళ్లీ చేయాలి. థైరాయిడ్, అదుపులో లేని షుగర్, తల్లి వయసు కూడా లెక్కలోకి వస్తాయి. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల తేడాయే కారణం. కొన్ని జంటల్లో ఒకరికి ఒక క్రోమోజోము ముక్క మరోదానికి అతుక్కుని ఉంటుంది. ఆ మనిషి పూర్తి ఆరోగ్యంగానే ఉంటారు, గర్భం మాత్రం తరచూ నిలవకపోవచ్చు. ఆ ఒకరు భర్త కూడా కావచ్చు. రక్తపరీక్ష ఇద్దరికీ చేయాలనడం అందుకే.

మేనరికమే కారణమని మన దగ్గర గట్టి నమ్మకం. మేనరికంతో పుట్టిన పిల్లలకు జన్యు వ్యాధుల ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ అలన్ బిట్టిల్స్ వంటి జన్యు శాస్త్రవేత్తల సమీక్షల్లో దగ్గరి పెళ్లిళ్ల వల్ల గర్భస్రావాలు చెప్పుకోదగినంత పెరిగినట్టు తేలలేదు. కాబట్టి ఆ ఒక్క మాటతో మిగతా పరీక్షలు మానకూడదు. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేల్లోనైతే సికిల్‌సెల్, మలేరియా పరీక్షలు ముందు జరగాలి. రెండూ గర్భానికి ముప్పే.

ఇన్ని పరీక్షలు చేసినా దాదాపు సగం జంటల్లో కారణం దొరకదు, ఇక లాభమేమిటని అడగవచ్చు. లాభం ఉంది. కారణం దొరకని జంటల్లో ఎక్కువ మంది, మంచి పర్యవేక్షణ ఉంటే, తరువాత బిడ్డను ఎత్తుకుంటున్నారు. అనవసరపు ఇంజెక్షన్లూ అప్పులూ తప్పుతాయి. రెండోసారి కడుపు పోగానే భార్యాభర్తలిద్దరూ కలిసి ఆస్పత్రికి వెళ్లాలి. అత్తమామలు ఆ కోడలికి తోడుండాలి, తప్పు ఆమెదని అనకూడదు.