కణాలను చూశారు, ద్రవాన్ని వదిలేశారు

తెలుగులో ‘గొడ్రాలు’ అనే మాట ఉంది. దానికి జోడీగా మగవాడికి ఏమంటారో నాకెంత ఆలోచించినా తట్టలేదు. ‘నపుంసకుడు’ వేరే సంగతి. పిల్లలు పుట్టకపోతే లోపం ఎవరిదో భాష ముందే తేల్చేసినట్టుంది.

సైన్స్ కూడా తక్కువేం తినలేదు. 1677లో డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన భూతద్దం కింద వీర్యకణాలను చూశాడు. ఆ సంగతి రాయల్ సొసైటీకి రాస్తూ, అది భార్యతో కాపురంలో మిగిలిందే తప్ప పాపం చేసి తెచ్చింది కాదని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు పాపం! తోకలాడిస్తూ ఈదే ఆ జీవులు చూపులన్నీ లాగేసుకున్నాయి.

వందేళ్ల తర్వాత ఇటలీలో స్పల్లాంజానీ (మగ కప్పలకు లాగులు తొడిగిన మహానుభావుడు) వీర్యాన్ని కాగితాల్లో వడగట్టాడు. బాగా వడగట్టిన ద్రవంతో గుడ్లు ఫలించలేదు. కాగితం మీద మిగిలినదాంతో ఫలించాయి. ఇంత చూసి కూడా, మహిమ ద్రవానిదే, ఆ పురుగులది కాదన్నాడు.

తప్పే. కానీ ద్రవం ఉత్త నీరు కాదన్నది మాత్రం నిజం. 1957లో ఎం.సి. చాంగ్ కుందేళ్లలో గమనించింది అదే: ఫలదీకరణకు సిద్ధమైన కణాలను తిరిగి వీర్యద్రవంలో ఉంచితే ఆ శక్తి పోయింది.

వీర్యం బయటికి రాగానే గడ్డకడుతుంది. దానికి కారణం వీర్యకోశాల నుంచి వచ్చే సెమినోజెలిన్ అనే ప్రొటీన్. అది కణం మీదున్న ఎప్పిన్ అనే మరో ప్రొటీన్‌కి అంటుకుని కదలికకు కళ్లెం వేస్తుంది. తర్వాత ప్రోస్టేట్ నుంచి వచ్చిన పీఎస్‌ఏ (పెద్దవాళ్లకి రాసే రక్తపరీక్షలో కనిపించే పేరే) ఆ సెమినోజెలిన్‌ని ముక్కలు చేస్తుంది. గడ్డ కరుగుతుంది, కణాలు ఈదుకుంటూ పోతాయి. అందుకే వీర్యపరీక్ష రిపోర్టులో కౌంట్‌తో పాటు, ఎంతసేపట్లో పల్చబడిందన్నదీ రాస్తారు. గంట దాటినా కరగకపోతే మామూలు కాదని లెక్క.

ఈ కళ్లేన్నే గర్భనిరోధానికి వాడొచ్చా? 2004లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనలో మగ కోతులకు ఎప్పిన్ టీకా ఇచ్చారు. మన గుళ్ల దగ్గర అరటిపళ్లు లాక్కునే దక్షిణాది జాతి కోతులే అవి. తొమ్మిదింటిలో ఏడింటికి యాంటీబాడీలు బాగా పెరిగాయి, ఆ ఏడింటికీ సంతానశక్తి పోయింది. టీకా ఆపాక అయిదింటికి తిరిగొచ్చింది.

ఆ టీకా మగవాళ్ల దాకా రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త వేసెక్టమీ చేయించుకున్నది 0.3 శాతం మందికి.