నాలుగు రోజుల ముందే మూసుకున్న తలుపు



బెంగళూరులో తెలుగువాళ్ళ చరిత్ర అంటే మన సభల్లో ఎప్పుడూ రాయలవారితో మొదలుపెడతాం. తర్వాత వ్యాపారాలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్. జైలు గురించి, కోర్టు గురించి ఎవరూ మాట్లాడరు. ఈసారి అదే రాస్తున్నాం. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

శేషాద్రి రోడ్డులో ఉన్న ఫ్రీడం పార్క్ మనందరికీ తెలుసు. ధర్నాలు ఇప్పుడు అక్కడే. ఆ స్థలం ఒకప్పుడు బెంగళూరు సెంట్రల్ జైలు. జైలు పరప్పన అగ్రహారానికి మారాక, 2008లో దాన్ని పార్కు చేశారు. 1976లో ఆ గోడల లోపల ఎనిమిది నెలలు ఒక తెలుగు మహిళ ఉన్నారు. పేరు స్నేహలతా రెడ్డి.

ఆమె 1932లో ఆంధ్ర ప్రాంతంలో పుట్టారు. ఇంగ్లీషు నాటకాలాడే మద్రాస్ ప్లేయర్స్ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరు. 1970లో వచ్చిన కన్నడ సినిమా 'సంస్కార'లో చంద్రి పాత్ర ఆమెదే. దర్శకుడు ఆమె భర్త పట్టాభి రామిరెడ్డి. నెల్లూరు మనిషి. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అచ్చు వేసి తెలుగు కవిత్వంలో గొడవ లేపిన పఠాభి ఆయనే. దంపతులిద్దరూ లోహియా సోషలిస్టులు, జార్జ్ ఫెర్నాండెజ్‌కు స్నేహితులు.

జార్జ్ పేరు మా రైల్వేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1974 మే 8న మొదలై ఇరవై రోజులు నడిచిన రైల్వే సమ్మెకు నాయకుడు ఆయన. మేము ఉద్యోగంలో చేరేనాటికి ఆ సమ్మె ముగిసి చాలా ఏళ్ళయింది. అయినా సీనియర్లు మాట్లాడితే ముందు వచ్చేది ఆ కథే. విచారణ లేకుండా ఉద్యోగం తీసేసే రూల్ 14(ii) అనే మాటను మేము మొదట విన్నది వాళ్ళ నోటే. కారణం కాగితం మీద ఉంటే అప్పీలు రాయవచ్చు. కారణమే చెప్పకపోతే దేని మీద రాయాలి? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించారు. మరునాడు పొద్దున బెంగళూరులోనే వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతే, ఎస్.ఎన్. మిశ్రా అరెస్టు అయ్యారు. పార్లమెంటు కమిటీ పని మీద వచ్చినవాళ్ళు వాళ్ళు. నలుగురి తరఫున కర్ణాటక హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు పడ్డాయి. వాటి పని చూసిన బెంగళూరు వకీళ్ళలో ఎం. రామా జోయిస్ ఒకరు. తర్వాత ఆయన్ని కూడా అదే జైల్లో పెట్టారు. వకీలు, కక్షిదారు ఇద్దరూ ఒకే కటకటాల వెనుక!

హెబియస్ కార్పస్ అంటే చాలామందికి నోరు తిరగదు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తమిళంలో దాన్ని 'ఆట్కొణర్వు మను' అంటారు. మనిషిని తీసుకొచ్చి నిలబెట్టమనే అర్జీ అని అర్థం. ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. నువ్వు పట్టుకున్న మనిషిని కోర్టు ముందుకు తే, ఏ చట్టం ప్రకారం పట్టుకున్నావో చెప్పు, అని సర్కారును అడగడమే ఆ అర్జీ పని.

ఎమర్జెన్సీలో ఈ అర్జీకి రెండు అడ్డాలు కట్టారు. ఒకటి, 1975 జూన్ 27న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకు వెళ్ళే హక్కును అది ఆపేసింది. రెండోది, మీసా చట్టానికి చేసిన సవరణలు. నిర్బంధానికి కారణాలు ఖైదీకి చెప్పక్కర్లేదు, కోర్టుకు కూడా చూపించక్కర్లేదు అన్నారు. మన రూల్ 14(ii) ప్రశ్న ఇక్కడ మళ్ళీ వచ్చింది. అక్కడ పోయేది ఉద్యోగం, ఇక్కడ పోయేది మనిషి స్వేచ్ఛ.

అయినా వకీళ్ళు ఊరుకోలేదు. ఉత్తర్వు మీద సంతకం పెట్టాల్సిన అధికారే పెట్టాడా? ఆ చట్టం ఇచ్చిన అధికారం లోపలే పెట్టాడా? కక్షతో పెట్టాడా? ఇవైనా కోర్టు చూడాలి కదా అని వాదించారు. తొమ్మిది హైకోర్టులు ఔను, చూడవచ్చు అన్నాయి. అందులో మన కర్ణాటక హైకోర్టు ఉంది. ఆ రోజుల్లో అలా తీర్పు రాయడం చిన్న ధైర్యం కాదు.

సర్కారు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. శాంతి భూషణ్ వంటి పెద్ద వకీళ్ళు ఖైదీల వైపు నిలబడ్డారు. విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక ప్రశ్న వేశారు. ఒక పోలీసు పగతో ఒక మనిషిని చంపేస్తే అప్పుడు కూడా కోర్టుకు దారి లేదా? లేదు అనే అర్థం వచ్చేలా జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న తీర్పు. అయిదుగురు జడ్జీల్లో నలుగురు సర్కారు వైపు. ఖన్నా ఒక్కరే ఎదురు రాశారు. ఏడీఎం జబల్పూర్ కేసు అంటారు దీన్ని.

ఇప్పుడు తేదీలు చూడండి. తీర్పు ఏప్రిల్ 28. మే 1న జార్జ్ తమ్ముడు లారెన్స్‌ను బెంగళూరులో పట్టుకుని, అన్న ఎక్కడున్నాడో చెప్పమని చిత్రహింస పెట్టారు. మే 2న స్నేహలత అరెస్టు. అంటే కోర్టు తలుపు మూసుకున్న నాలుగు రోజులకే.

బరోడా డైనమైట్ కేసులో సంబంధం ఉందన్నారు. తర్వాత మీసా కింద ఉంచారు. ఆ కేసు ఛార్జిషీటు వచ్చినప్పుడు జార్జ్‌తో పాటు మరో 24 మంది పేర్లున్నాయి. అందులో స్నేహలత పేరు లేదు! పేరు లేకపోయినా జైలు తప్పలేదు. ఆమెకు పాత ఆస్తమా. ఒంటరి గదిలో ఉంచారు. రాత్రిళ్ళు ఆమె కేకలు వినపడేవని అదే జైల్లో ఉన్న దండవతే తర్వాత రాశారు. ఇంత బాధలోనూ ఆమె తోటి ఆడ ఖైదీలను కొట్టవద్దని, వాళ్ళకు మంచి తిండి పెట్టాలని జైలువాళ్ళతో పోరాడారు. జైల్లో రాసుకున్న డైరీ 1977లో పుస్తకంగా వచ్చింది.

1977 జనవరి 15న ఆమెను పెరోల్ మీద వదిలారు. అది కోర్టు ఇచ్చిన హక్కు కాదు, సర్కారు దయ. జనవరి 18న ఎన్నికలు ప్రకటించారు. జనవరి 20న ఆమె చనిపోయారు.

వకీళ్ళు ఓడిపోయారు కదా, మరి లాభమేమిటి అని కొందరు అడుగుతారు. ఓడిన కేసు కాగితాలు కూడా ఎక్కడికీ పోవు. 1978లో వచ్చిన 44వ సవరణతో, ఎమర్జెన్సీ వచ్చినా 20, 21 అధికరణాలను ఆపరాదని రాజ్యాంగంలోనే రాశారు. తర్వాత 2012లో ఆధార్ మీద ఒక పిటిషన్ పడింది. వేసింది మన బెంగళూరులోనే ఉన్న కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికే ఆయన వయసు ఎనభై దాటింది. ఆ కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు జబల్పూర్ తీర్పు తప్పని చెప్పి కొట్టేశారు. ఆ మాట రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తండ్రి, 1976లో సర్కారు వైపు రాసిన నలుగురిలో ఒకరు. నలభై ఒక్క ఏళ్ళకు ఖన్నా గెలిచారు. స్నేహలతకు అది అందలేదు.

మన తెలుగునేల మీద ఈ పని జీవితమంతా చేసినవారు కె.జి. కన్నబిరాన్. మదురైలో పుట్టి, మద్రాసులో చదివి, హైదరాబాదులో వకీలై, 1978 నుంచి పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా చాలాకాలం ఉన్నారు. మాలాంటి తమిళ బడి తెలుగువాళ్ళకు ఆయన కథ దగ్గరగా అనిపిస్తుంది. మేము అటు నుంచి ఇటు వచ్చాం, ఆయన ఇటు నుంచి అటు వెళ్ళారు. బాలగోపాల్ పుట్టింది మన బళ్ళారిలో. లెక్కల ప్రొఫెసరుగా ఉండి, హక్కుల పని కోసం తర్వాత వకీలు కోటు వేసుకున్నారు.

ఈ వకీళ్ళను నేరస్తుల పక్షం అని తిట్టేవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్ళకు మా జవాబు ఒకటే. నేరం చేశాడా లేదా అని తేల్చడానికే కోర్టు. తేల్చకముందే తలుపు మూస్తే, నేరస్తుడూ స్నేహలతా ఒకే గదిలో ఉంటారు.

ఇంట్లో పిల్లలకు మూడు సంగతులు చెప్పండి. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. తనకు నచ్చిన వకీలుతో మాట్లాడనివ్వాలి. ఇది 22వ అధికరణం (ముందస్తు నిర్బంధానికి మాత్రం ఈ 24 గంటల లెక్క వర్తించదు). డబ్బు లేదని భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోనే దాని ఆఫీసు ఉంటుంది.

చివరగా ఒక ప్రతిపాదన. మన హాల్లో చాలామంది పెద్దల పటాలున్నాయి. స్నేహలతా రెడ్డి పటం లేదు. వచ్చే జనవరి 20 లోపల పెట్టాలని కమిటీకి రాసి ఇస్తున్నాం. ఒప్పుకునేవారు కింద పేరు రాయండి. ఆ రోజుల్లో బెంగళూరులో ఉన్న పెద్దలు తమకు తెలిసింది కూడా రాయండి. పటం కింద ఏం రాయాలో మీ మాటల నుంచే తీసుకుందాం.