రెండు డెల్టాలు, ఒక నల్లి

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఎవరికైనా ఉబ్బసం ఉందనుకోండి, కారణాలు రెడీగా ఉంటాయి: మంచు, చల్లగాలి, నూర్పిళ్ళ దుమ్ము, "వాళ్ళ తాతకీ ఉందిలే". దిండు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అసలు ముద్దాయిల్లో ఒకడు దొరికింది అక్కడే! వాడిని పట్టుకోవడానికి డాక్టర్లకి నలభై ఏళ్ళు పట్టింది. ఆ కథ జరిగింది కూడా మనలాంటి డెల్టాలోనే.

హాలండులో లైడెన్ అని ఒక ఊరు. రైన్ నది డెల్టా, పల్లపు నేల, ఎటు చూసినా కాలవలు, ఇళ్ళ నిండా చెమ్మ. మనది కృష్ణా పశ్చిమ డెల్టా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పంటకాలవలు వచ్చాయి. తెనాలి ఊళ్ళోంచే మూడు కాలవలు పోతాయి, బాపట్ల, రేపల్లెలకి సముద్రం దగ్గర. గాలిలో తేమకి కరువు లేదన్నమాట.

1922లో అమెరికాలో కుక్ అనే డాక్టరు ఇంటి దుమ్ము నుంచి తీసిన రసం పడని ఉబ్బసం రోగులు చాలామంది ఉన్నారని చెప్పాడు. సరే, దుమ్ములో ఏముంది? దూదా, ఈకలా, బూజా? తెలియలేదు. అదే దశాబ్దంలో లైడెన్‌లో స్టార్మ్ వాన్ లేవెన్ అనే ఆయన ఇంకోటి గమనించాడు. చెమ్మ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఆయాసం ఎక్కువ, ఎత్తైన కొండల మీదకి వెళితే తగ్గుతోంది. 1928లో డెక్కర్ అనే జర్మన్ డాక్టరు పరుపుల్లో ఉండే సూక్ష్మజీవుల మీద వేలు పెట్టి చూపించాడు కూడా. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లాగ్ ఫైల్లో ఎర్రర్ కనబడుతున్నా ఎవరూ తెరిచి చూడకపోవడం మనకి కొత్తేం కాదుగా!

1964లో అదే లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా బృందం ఆ ముడి విప్పింది. ఆ దుమ్ములో అసలు దోషి ఒక జీవి అని తేల్చారు. పేరు డెర్మటోఫాగోయిడిస్. మంచంలో కుట్టే నల్లి కాదిది. మిరప తోటలో కింది ముడత తెచ్చే తెల్లనల్లికి దూరపు చుట్టం. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, ఎనిమిది కాళ్ళు, కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. నీళ్ళు తాగదు, గాలిలో తేమనే పీల్చుకుంటుంది. కొండల మీద పొడిగాలిలో ఎండి చచ్చిపోతుంది. వాన్ లేవెన్ చూసిన వింతకి జవాబు అదే. 1970ల నుంచి మన దేశంలో బెంగుళూరు, కలకత్తా ఇళ్ళ దుమ్ములోనూ ఈ నల్లులు బయటపడ్డాయి.

1966-67లో ఐజీఈ అనే యాంటీబాడీ బయటపడింది. శరీరం ఈ నల్లిని శత్రువుగా గుర్తుపెట్టుకోవడం దాని ద్వారానే. 1981కి ఇంకో సంగతి తేలింది: అలర్జీ తెచ్చే ప్రొటీన్ ముఖ్యంగా దాని రెట్టలో ఉంటుంది. దిండు కదిపినప్పుడల్లా ఆ రెట్ట గాలిలోకి లేస్తుంది.

ఇప్పుడు మన సంగతి. నులక మంచం మీద చాప వేసుకున్న రోజుల్లో నల్లికి దాక్కునే చోటు తక్కువ. తర్వాత దూది పరుపులొచ్చాయి. వాటిని ఎండలో వేసేవారు, దూదేకులవాళ్ళ చేత దూది ఏకించేవారు. ఎండకి నల్లి చస్తుంది, కానీ రెట్ట మిగిలిపోతుంది. అందుకే గలీబులు, దుప్పట్లు వారం వారం 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. పరుపు దులిపే పని ఉబ్బసం ఉన్నవాళ్ళు చెయ్యకూడదు.

మృగశిర కార్తెకి చేప మందు కోసం హైదరాబాదు రైలెక్కే మనవాళ్ళని తప్పుపట్టను. బత్తిని కుటుంబం 1845 నుంచీ ఇస్తున్నామంటుంది. కానీ తిరిగొచ్చి పడుకునేది ఆ దిండు మీదే కదా!

అలాగని దిండు ఒక్కటీ మారిస్తే సరిపోదు. 2003లో బ్రిటన్‌లో 1,122 మంది పెద్దవాళ్ళ మీద పరీక్షిస్తే, నల్లి దూరని గలీబులు మాత్రమే వాడితే ఆస్తమా తగ్గలేదని తేలింది. 2017లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో మాత్రం ఆయాసం ముదిరి ఆస్పత్రికి పరిగెత్తడం తగ్గింది. స్కిన్ టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టూ కాదు. ఇన్హేలర్ అలవాటైపోతుందని మానేసేవాళ్ళున్నారు, అది మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో పిల్లల్ని తీసుకుని ఊరెళతాం. అటక మీద ఏడాదిగా పడి ఉన్న పరుపు దించి పరుస్తారు. అర్ధరాత్రి పిల్లాడికి పిల్లికూతలు మొదలవుతాయి, తెల్లారేసరికి నింద మంచు మీద పడుతుంది. ఈసారి వెళ్ళేముందు అమ్మకి ఒక ఫోన్ కొట్టండి: ఆ పరుపు నాలుగు రోజులు ఎండలో వేయించి, దులిపించి, గలీబులు ఉడుకు నీళ్ళలో ఉతికించమనండి. ఇన్హేలర్ మాత్రం బ్యాగులోనే ఉండాలి.