పసుపు పిన్ను నుంచి ఆన్‌విఫ్ దాకా

మా ఊరు పెనుగొలను. తిరువూరు దగ్గర, గంపలగూడెం మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. చాలా ఊళ్ళలాగే మా ఊళ్ళోనూ కొన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళే ఉంటారు, పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో. గేటు దగ్గరో కెమెరా, వరండాలో ఇంకోటి వచ్చింది అందుకే. ఈ మధ్య మా ఇంట్లో రికార్డరుకి వేరే కంపెనీ కెమెరా ఒకటి కలపాల్సి వచ్చింది. బిగించడానికొచ్చిన కుర్రాడు "ఈ డబ్బాకి అది పట్టదండీ, రెండూ ఒకే కంపెనీవి ఉండాలి" అన్నాడు. అతన్ననడానికేం లేదు, అతనికి నేర్పిన మాట అదే. కానీ ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరైనా ఆ మాటంటే పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వేవాళ్ళో, ఇప్పుడెందుకు నవ్వడం లేదో, అదీ ఈ కథ.

సీసీ కెమెరా గురించి ఎవరు రాసినా 1942లో జర్మనీ నుంచి మొదలుపెడతారు. వి-2 రాకెట్లు పైకి లేస్తుంటే దగ్గర నిలబడి చూడలేరు కాబట్టి వాల్టర్ బ్రూక్ అనే ఇంజనీరు కెమెరాలు పెట్టి దూరం నుంచి చూపించాడు. నాకు మాత్రం దానికంటే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ కథే నచ్చుతుంది. న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే నర్సు ఆవిడ. డ్యూటీ వేళలు వేరు, ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది, పిలిస్తే పోలీసులు త్వరగా వచ్చేవాళ్ళు కాదు. భర్త ఆల్బర్ట్‌కి ఎలక్ట్రానిక్స్ పని తెలుసు. ఇద్దరూ కలిసి తలుపుకి నాలుగు కంతలు, వాటి వెనక పైకీ కిందకీ జరిగే కెమెరా, పడగ్గదిలో టీవీ, మంచం దగ్గర్నుంచే తలుపు తీసే మీట, ఆపదొస్తే నొక్కే అలారం బటన్ తయారుచేసుకున్నారు. 1966లో దరఖాస్తు పెడితే 1969 డిసెంబర్లో పేటెంట్ వచ్చింది. ఇంటి కోసం కెమెరా అన్న ఆలోచనే ఒంటరిగా ఉన్న మనిషి భయంలోంచి పుట్టింది. ఇప్పుడు ఊళ్ళో అమ్మావాళ్ళ కోసం మనం పెట్టిస్తున్నదీ అందుకే కదా.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ కాలంలో కెమెరా, రికార్డరు ఒకే కంపెనీవి ఉండాలన్న గొడవే లేదు. కెమెరాలోంచి వచ్చేది మామూలు టీవీ సిగ్నలే. మన దేశంలో పాల్ పద్ధతి: 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు, ఒక వోల్టు సిగ్నలు, 75 ఓమ్స్ కేబులు. వీసీడీ ప్లేయరు వెనక పసుపు పిన్ను ఒకటుండేది గుర్తుందా? సీసీ కెమెరా బీఎన్‌సీ పిన్నులో వచ్చేది కూడా సరిగ్గా అదే. పిన్ను ఆకారం మార్చే చిన్న కన్వర్టరు పెడితే కెమెరాని తిన్నగా ఇంట్లో టీవీకి గుచ్చి చూసుకోవచ్చు. జపాన్ కెమెరా, కొరియా మానిటరు, పక్క ఊరి మెకానిక్ బాగుచేసిన వీసీఆర్, ఏది దేనికైనా కలిసేది. వైరుకి కంపెనీ పేరు తెలీదు. పాస్‌వర్డు కూడా తెలీదు, అది వేరే సంగతి :)

రికార్డింగు మాత్రం కష్టంగానే ఉండేది. మూడు గంటల వీహెచ్‌ఎస్ టేపుని ఇరవై నాలుగ్గంటలకి సాగదీసే టైమ్‌ల్యాప్స్ వీసీఆర్‌లు వాడేవాళ్ళు. సెకనుకి మూడు నాలుగు బొమ్మలు, అదే టేపు మళ్ళీ మళ్ళీ, చివరికి దొంగ మొహం పొగమంచులో ఉన్నట్టు కనపడేది. ఆ తర్వాత బీటీ878 చిప్పుతో పీసీఐ కార్డులొచ్చాయి. పాత పీసీలో లినక్స్ వేసి, ఆ కార్డు పెట్టి, ఏ కెమెరా అయినా గుచ్చితే డీవీఆర్ అయిపోయేది. 2000ల మొదట్లో ఫిలిప్ కూంబ్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామరు తన పనిముట్లు దొంగతనం జరిగాయని కూర్చుని రాసిన జోన్‌మైండర్ ఆ కార్డులతో ఊపందుకున్నదే. ఓపెన్‌సోర్స్ ఇంటి రికార్డర్లకి అది పెద్దన్న లాంటిది.

తాళం పడింది డిజిటల్ వచ్చాకే. 1996లో స్వీడన్‌లోని ఆక్సిస్ కంపెనీ నెట్‌ఐ 200 అని మొదటి నెట్‌వర్క్ కెమెరా అమ్మకానికి పెట్టింది. పూర్తి సైజు బొమ్మ పదిహేడు సెకన్లకి ఒకటి! దొంగ వచ్చి, మంచినీళ్ళు తాగి, సామాన్లు సర్దుకుని వెళ్ళినా రెండు బొమ్మల మధ్యలోనే అయిపోతుంది. వేగం తర్వాత పెరిగిందనుకోండి. కానీ ఇక్కడ మారింది వేగం ఒక్కటే కాదు. వైరులో ఇప్పుడు వోల్టేజీ కాదు, ప్యాకెట్లు పోతున్నాయి. ఆ ప్యాకెట్లలో ఏముందో ఆ కంపెనీ చెబితేనే తెలుస్తుంది. ప్రతి కంపెనీకీ తన ఎస్‌డీకే, తన డీఎల్‌ఎల్, తన పోర్టు నంబరు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఒక్కో కెమెరాకి ఒక్కో డ్రైవరు రాసుకోవాలి. జేడీబీసీ లేని రోజుల్లో ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో కోడు రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ పరిస్థితి.

బొమ్మని మోసుకెళ్ళడానికి నిజానికి అందరి పద్ధతి ఒకటి అప్పటికే ఉంది. 1998 ఏప్రిల్లో ఆర్‌టీఎస్‌పీ వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 2326. రియల్‌నెట్‌వర్క్స్, నెట్‌స్కేప్, కొలంబియా యూనివర్సిటీ కలిసి చేసిన పని. దీన్ని టీవీ రిమోట్ అనుకోవచ్చు: "ఏముంది నీ దగ్గర", "సిద్ధం చెయ్యి", "ప్లే" అని అడుగుతుంది, వీడియో ఆర్‌టీపీలో విడిగా వస్తుంది. పోర్టు 554. కెమెరా కంపెనీలు దాన్ని వాడాయి కానీ చిరునామా మాత్రం ఎవరిష్టం వాళ్ళు పెట్టుకున్నారు. హైక్‌విజన్‌లో మొదటి కెమెరా పెద్ద స్ట్రీమ్ 101, చిన్నది 102. దహువాలో ఛానెల్ 1, సబ్‌టైప్ 0. ఇల్లు ఉంది, తలుపు ఉంది, డోర్ నంబరే తెలీదు.

ఆ డోర్ నంబరు అడిగే పద్ధతే ఆన్‌విఫ్. 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కలిసి పెట్టాయి. ముగ్గురూ పోటీదార్లే. లోపల ఉన్నది ఎస్‌ఓఏపీ, డబ్ల్యూఎస్‌డీఎల్. అవును, మనలో చాలామంది మొదటి ప్రాజెక్టులో తిట్టుకున్న ఎక్స్‌ఎంఎల్లే. పని ఇలా జరుగుతుంది: రికార్డరు ముందు ఇంటి నెట్‌వర్కులో "ఎవరైనా కెమెరా ఉన్నారా" అని యూడీపీ 3702 పోర్టు మీద అందరికీ వినపడేలా అరుస్తుంది. కెమెరా తన చిరునామాతో పలుకుతుంది. "నీ దగ్గర ఏ ప్రొఫైళ్ళున్నాయి" అని రికార్డరు అడుగుతుంది. "ఈ ప్రొఫైలుకి స్ట్రీమ్ ఎక్కడ" అంటే కెమెరా ఆర్‌టీఎస్‌పీ చిరునామా ఇస్తుంది. అక్కడితో బొమ్మ విషయంలో ఆన్‌విఫ్ పక్కకి తప్పుకుంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య పనన్నమాట, కాపురం ఆర్‌టీఎస్‌పీది.

ఇక్కడో మెలిక ఉంది. డబ్బా మీద ఆన్‌విఫ్ అని రాసేది కంపెనీయే. టెస్ట్ టూల్ నడిపి, మాది సరిపోయిందని వాళ్ళే ప్రకటించుకుంటారు. అలా ప్రకటించిన మోడళ్ళ జాబితా ఆన్‌విఫ్ సైటులో ఉంటుంది. కొనేముందు మోడల్ నంబరు అక్కడ వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు. జాబితాలో ఉన్నా, ప్రొఫైల్ ఎస్ అంటే ముఖ్యంగా బొమ్మ వస్తుందని. హెచ్.265 కావాలంటే 2018లో వచ్చిన ప్రొఫైల్ టీ చూడాలి. "మనిషి వచ్చాడు", "కారు వచ్చింది" లాంటి అలర్టులు కంపెనీ దాటితే పనిచేస్తాయన్న గ్యారంటీ లేదు. పోగొట్టుకున్నదాంట్లో సగమే తిరిగొచ్చిందని నేననేది అందుకే.

ఐపీ వైపు ఇది సర్దుకుంటుండగా అనలాగ్ వైపు కొత్త గొడవ. పాత కోయాక్స్ కేబుల్లోనే హెచ్‌డీ పంపించే చిప్పులొచ్చాయి. 2012లో దహువా వాళ్ళ సీవీఐ, 2014లో టీవీఐ, ఏహెచ్‌డీ. పిన్ను ఒకటే, కేబులు ఒకటే, లోపలి సిగ్నలు వేరు. దాంతో వైరుకి కూడా కంపెనీ పేరు వచ్చేసింది. పరిష్కారం మాత్రం చక్కగా దొరికింది: రికార్డర్లు అన్నీ చదవడం నేర్చుకున్నాయి, కెమెరాలు వైరు మీద చిన్న బటనుతో నాలుగు రకాల సిగ్నల్ ఇవ్వడం నేర్చుకున్నాయి. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో "బొమ్మ రావట్లేదు" అన్న ఫిర్యాదు ఆ బటన్ ఐదు సెకన్లు నొక్కితే తీరిపోతుంది.

మన దగ్గర ఇన్ని కంపెనీలు ఒకే వీధిలో కలవడానికి ఇంకో కారణం ఉంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గానీ రోజుకి ఐదొందలమంది గానీ వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి. ఇళ్ళకి ఇది వర్తించదు. కానీ షాపులకి, ఆస్పత్రులకి, ఫంక్షన్ హాళ్ళకి కెమెరాలొచ్చాక బిగించేవాళ్ళు పెరిగారు, ఇళ్ళకీ వచ్చాయి. హైదరాబాదులో పోలీసులు 'నేను సైతం' అని కాలనీలవాళ్ళ చేత డబ్బులేయించి పెట్టించారు. ఒక్కో విడతలో ఏది చవగ్గా దొరికితే అది. ఆ 30 రోజుల లెక్క ఒకసారి చూడండి: 2 ఎంబీపీఎస్ కెమెరా రోజుకి దాదాపు 21.6 జీబీ, నెలకి 650 జీబీ. నాలుగు కెమెరాలుంటే మూడు టీబీ దగ్గర. ఒక టీబీ హార్డ్ డిస్క్ పెట్టి "నెల రోజులు వస్తుంది" అంటే నమ్మకండి.

కంపెనీలు కావాలనే తలుపులు మూశాయని అనేవాళ్ళున్నారు. సగం నిజం. రెండో సగం పేరు మిరాయ్. 2016లో ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు లక్షల్లో ఆ బాట్‌నెట్‌కి దొరికిపోయాయి. అక్టోబర్ 21న అది డైన్ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. ఆ తర్వాత కంపెనీలు బిగించడం మొదలెట్టాయి. హైక్‌విజన్ కొత్త ఫర్మ్‌వేర్లలో ఆన్‌విఫ్ ముందే ఆపేసి ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి దానికి వేరే యూజర్‌ని తయారుచెయ్యాలి. ట్యాపో కెమెరాలకీ యాప్‌లో విడిగా కెమెరా అకౌంట్ పెట్టాలి. "పట్టదండీ" అనిపించుకునే కెమెరాల్లో చాలావాటి సంగతి ఇంతే.

మొదటి సగం నిజానికి ఉదాహరణ కావాలంటే క్లౌడ్ కెమెరాలు చూడండి. బొమ్మ వాళ్ళ సర్వర్‌కి పోతుంది, నెలనెలా చందా. అమెరికాలో ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, వైజ్ 2019లో ఆర్‌టీఎస్‌పీ ఫర్మ్‌వేర్ విడిగా ఇచ్చింది, తర్వాత దాన్ని వదిలేసింది. చందా కట్టడం మర్చిపోయిన నెలలోనే దొంగతనం జరిగితే పాత వీడియో ఎవర్నడుగుతాం? ఇంట్లో డిస్క్ ఉంటే ఆ ఫైలు మనదే. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ కూడా రాయాలి. చేతిలో ఫైలంటూ ఉంటే కదా హ్యాష్ తీసేది.

2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. సీపీ ప్లస్ కెమెరాలు తయారయ్యేది మన కడప దగ్గర కొప్పర్తిలోనే, తెలీనివాళ్ళకి ఆ ముక్క కూడా చెబుతున్నా. ఈ పరీక్షలు కొత్త సరుక్కి. గోడల మీద ఇప్పటికే ఉన్నవాటి సంగతి మనమే చూసుకోవాలి, వేరే కంపెనీ కెమెరాని సొంత రికార్డరుకి కలపడంలో లాభం అక్కడే ఉంది. కెమెరాకి ఇంటర్నెట్ ఇవ్వక్కర్లేదు. రౌటర్లో దాన్ని ఆపేసి రికార్డరుతో మాత్రమే మాట్లాడనివ్వచ్చు. ఫ్రిగేట్ లాంటిది పాత పీసీ మీద వేసుకుంటే మనిషిని గుర్తుపట్టే పని కూడా ఇంట్లోనే జరుగుతుంది.

కొన్న ఎన్‌వీఆర్ అయితే ఒక్కటి చూసుకోండి. వెనక ఉన్న పీఓఈ పోర్టులు చాలావాటిలో రౌటరుతో సంబంధం లేని సొంత నెట్‌వర్కు. హైక్‌విజన్‌లో అది 192.168.254 వరుస. వేరే కెమెరాకి ఆ వరుసలోనే నంబరిచ్చి గుచ్చాలి, లేదా మామూలు స్విచ్ ద్వారా కలపాలి. ఇంకోటి, ఇంటర్నెట్ ఆపేస్తే కెమెరాకి టైము చెప్పేవాళ్ళుండరు. ఆన్‌విఫ్ పాస్‌వర్డు డైజెస్ట్‌లో టైము కూడా కలుస్తుంది కాబట్టి, కరెంటు పోయి వచ్చాక కెమెరా గడియారం 1970కి వెళ్ళిపోతే పాస్‌వర్డు సరిగ్గా ఉన్నా "తప్పు" అనే అవకాశం ఉంది. రికార్డరు మీదే ఎన్‌టీపీ నడిపి, కెమెరా సెట్టింగుల్లో దాని చిరునామా ఇచ్చేయండి.